సిపాయి చెప్పే కథ, తరగతి వినే కథ

యుద్ధ సాహిత్యం చదువుల్లోకి కొత్తగా వచ్చిందేమీ కాదు. ఇలియడ్ లేకుండా యూరప్‌లో, భారతం లేకుండా మన దగ్గర సాహిత్య విద్య ఏనాడూ సాగలేదు. కొత్తగా వినపడింది కాలిబంటు గొంతు. ఒక అక్షౌహిణిలో 1,09,350 మంది పదాతులుంటారని భారతమే లెక్క చెబుతుంది. కురుక్షేత్రంలో మోహరించినవి 18 అక్షౌహిణులు. ఆ లెక్కన దాదాపు ఇరవై లక్షల మంది కాలిబంట్లు. వాళ్ళలో ఒకడు తన పేరు చెప్పుకుని, ఆ పద్దెనిమిది రోజుల్లో తనకేం జరిగిందో చెప్పిన ఘట్టం గుర్తుకు తెచ్చుకోవాలంటే పండితులకూ కష్టమే. అక్కడ మాట్లాడేది రథికులు, వారికి నీతి చెప్పే పెద్దలు, అంతా అయ్యాక శవాల మధ్య ఏడ్చే స్త్రీలు. మామూలు సైనికుడి అనుభవం కథగా, నవలగా, ఉత్తరంగా తరగతి గదిలో పాఠం కావడం ఇరవయ్యో శతాబ్దంలోనే మొదలైంది.

ఇందుకు చదువు ఒక కారణం, నిర్బంధ సైనిక సేవ మరొకటి. బ్రిటన్‌లో 1870 చట్టంతో ప్రాథమిక విద్య ఊరూరికీ చేరింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు కందకాల్లోకి దిగారు. వాళ్ళు పుస్తకాలు చదివి వెళ్ళినవాళ్ళు. బతికి తిరిగొచ్చినవాళ్ళు పుస్తకాలు రాశారు. కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ లాంటివాళ్ళు తిరిగి రాలేదు. 1918 నవంబరు 4న ఆయన చనిపోయాడు, వారం తిరిగేసరికి యుద్ధం ఆగింది. ఇక అమెరికాలో 1944 నాటి చట్టం యుద్ధం నుంచి వచ్చినవారికి ప్రభుత్వ ఖర్చుతో పైచదువులు చదివే అవకాశమిచ్చింది. సుమారు 22 లక్షల మంది కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చేరారు. 1947లో కాలేజీలో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. సాహిత్య తరగతికి ఇది మునుపెరగని పరిస్థితి. పాఠంలో ఉన్న యుద్ధం బెంచీ మీద కూర్చున్నవాడికి తెలుసు, పాఠం చెప్పే ఆచార్యుడికి తెలియదు.

యుద్ధ నవలను పాఠంగా తీసుకోగానే విద్యార్థులు ముందుగా అడిగేది ఒకటే. రాసినాయన యుద్ధానికి వెళ్ళాడా? అడగాల్సిన ప్రశ్నే. జవాబులే తికమక పెడతాయి. స్టీఫెన్ క్రేన్ పుట్టింది 1871లో. అమెరికా అంతర్యుద్ధం 1865లోనే ముగిసిపోయింది. 1895లో ఆయన ‘ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’ అచ్చు వేస్తే, చదివినవారిలో చాలామంది ఆయనను యుద్ధం చేసొచ్చినవాడే అనుకున్నారు. హెమింగ్వే 1918 జూన్‌లో రెడ్‌క్రాస్ అంబులెన్స్ విభాగంలో ఇటలీ చేరాడు. జులై 8 రాత్రి పియావే నది దగ్గర సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచుతూ గాయపడ్డాడు. అప్పటికి పందొమ్మిది కూడా నిండలేదు. ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ నవలకు ఆయువుపట్టు అయిన కపొరెట్టో తిరోగమనం జరిగింది అంతకు ముందు ఏడాది, 1917లో. అప్పుడాయన అమెరికాలో ఉన్నాడు. ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ ఒక తరం మొత్తానికి సాక్ష్యంగా నిలిచింది. దాన్ని రాసిన రెమార్క్ యుద్ధరంగంలో ఉన్నది 1917 జూన్, జులై నెలల్లో కొద్ది వారాలు. ఆ తర్వాత గాయాలతో ఆసుపత్రిలో గడిపాడు.

పోరాడినవాడికే యుద్ధం తెలుస్తుందన్న నమ్మకం మాత్రం బలమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పదాతిదళ అధికారిగా గాయపడి, తర్వాత ఆచార్యుడైన పాల్ ఫసెల్ 1975లో ‘ది గ్రేట్ వార్ అండ్ మోడరన్ మెమరీ’ రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధ సాహిత్యాన్ని బోధించే పద్ధతినే ఆ పుస్తకం మార్చేసింది. సైనికులు తాము చూసినదాన్ని అంతకు ముందు చదివిన పుస్తకాల అచ్చులో పోసుకునే అర్థం చేసుకున్నారని ఆయన చూపించాడు. పాతికేళ్ళు గడవకముందే జేమ్స్ క్యాంప్‌బెల్ అనే విమర్శకుడు సైనికుడి అనుభవానికే పెద్దపీట వేసే ఈ ధోరణిలోని లోటును పట్టుకున్నాడు. తుపాకీ పట్టినవాడిదే అసలు జ్ఞానమని విమర్శకులు ఒప్పుకుంటే నర్సులు, శరణార్థులు, బాంబుల కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు యుద్ధ సాహిత్యం నుంచి బహిష్కృతులవుతారన్నది ఆయన వాదం. ఆ వాదంలో పస ఉంది. అయితే అనుభవానికి పెద్దపీట వేయొద్దంటే, ఆ అనుభవాన్ని మోసుకొచ్చి ఎదురుగా కూర్చున్న విద్యార్థితో ఏం మాట్లాడాలి? దీనికి సిద్ధాంతం దగ్గర జవాబు లేదు. కథల దగ్గర కొంత ఉంది.

అందుకే అమెరికా తరగతుల్లో టిమ్ ఓబ్రయన్ ‘ది థింగ్స్ దే క్యారీడ్’ ఇంతగా పాతుకుపోయింది. ఓబ్రయన్‌కు 1968లో డిగ్రీ చేతికందిన కొద్దిరోజులకే సైన్యంలో చేరమని తాఖీదు వచ్చింది. 1969-70లో వియత్నాంలోని క్వాంగ్‌ఙాయ్ ప్రాంతంలో కాలిబంటుగా పనిచేశాడు. 1968 మార్చిలో మైలాయ్ గ్రామస్థులను అమెరికా సైనికులు ఊచకోత కోసిన జిల్లా అదే. 1973లో ఆయన తన అనుభవాన్ని నేరుగా ఆత్మకథగా రాశాడు. 1990లో మళ్ళీ అదే యుద్ధానికి తిరిగొచ్చి, ఒకదానితో ఒకటి అల్లుకున్న కథలుగా ఈ పుస్తకం తెచ్చాడు. ఆత్మకథ ఉండగా కల్పన ఎందుకు అవసరమైందన్నదే తరగతికి మంచి ప్రశ్న.

మొదటి కథలో జరిగేది కొంచెమే. ఒక పటాలం నడుస్తుంటుంది, ఒకడు చస్తాడు. ఎక్కువ భాగం ఎవరు ఏం మోస్తున్నారన్న జాబితా. ప్రతి వస్తువుకీ బరువు రాసి ఉంటుంది. తూటాలు లేని ఎం-16 తుపాకీ ఏడున్నర పౌన్లు, నింపితే ఎనిమిది దాటుతుంది. ఉక్కు టోపీ అయిదు పౌన్లు. లెఫ్టినెంట్ జిమ్మీ క్రాస్ వీపుసంచిలో మార్తా అనే అమ్మాయి రాసిన ఉత్తరాలు పది ఔన్సులు, అంటే మన లెక్కలో పావుకిలోకు కాస్త ఎక్కువ. అవి ప్రేమలేఖలు కూడా కావు. ఈ జాబితాను సైనిక గోదాము చిట్టాలాగే చదువుకుంటూ పోవచ్చు. కానీ టెడ్ లావెండర్ చావు మధ్యలో ఆరేడుసార్లు వచ్చి వెళుతుంది. మూత్రవిసర్జనకు పక్కకు వెళ్ళి తిరిగొస్తూ తూటా తగిలి కూలిపోతాడు. దాన్ని కథకుడు ఒక ఘట్టంగా ఎక్కడా నిలబెట్టడు. చిట్టా రాస్తూ రాస్తూ దాని మీదికి జారుతుంటాడు, మళ్ళీ తూకాల్లోకి వెళ్ళిపోతాడు. అదే సమయంలో మార్తా గురించి ఆలోచిస్తున్న క్రాస్ ఆ చావుకు తానే కారణమనుకుని ఉత్తరాలు కాల్చేస్తాడు. భయం ఎంత బరువుంటుందో కథలో అంకె లేదు. అంకెలున్న వస్తువుల మధ్య ఆ ఖాళీ కనిపించేలా చదివించగలిగితే పాఠం సగం చెప్పినట్టే. ‘యుద్ధం వ్యర్థం’ అని పరీక్షలో పది మార్కులకు రాయించడం దీనికంటే తేలిక. అందుకే చాలాచోట్ల అదే జరుగుతుంది.

ఈ పుస్తకంలో కథ చెప్పేవాడి పేరు కూడా టిమ్ ఓబ్రయనే. పుస్తకాన్ని అంకితమిచ్చింది అందులోని కల్పిత పాత్రలకే. ‘ది మ్యాన్ ఐ కిల్డ్’ కథలో కథకుడు తన గ్రెనేడ్‌కు బలైన వియత్నాం యువకుడి శవాన్ని చూస్తూ నోట మాట రాక కూర్చుండిపోతాడు. ఆ యువకుడు లెక్కలంటే ఇష్టపడేవాడని, యుద్ధమంటే భయపడేవాడని అతడికో బతుకునంతా ఊహిస్తాడు. కొన్ని కథల తర్వాత, అతణ్ణి తాను చంపలేదని, అక్కడ ఉన్నందుకే ఆ భారం తనదైందని చెబుతాడు. ఆ మాట కూడా నిజమని హామీ లేదు. తరగతిలో ఇక్కడ గొడవ మొదలవుతుంది. మోసపోయామని కొందరు విద్యార్థులకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని పాఠంలోకి తెచ్చుకోగల అధ్యాపకుడికి పని సులువవుతుంది. కథ నిజమైతేనే బాధపడతాం, కల్పనైతే బాధను వెనక్కి తీసుకుంటాం అనే బేరం ఎవరితో కుదుర్చుకున్నాం? జరిగింది జరిగినట్టు చెబితే చాలని అనుకునేవాడికి, జరిగినప్పుడు తాను తలతిప్పుకున్నానని, చూడాల్సింది చూడలేదని ఎప్పటికో తెలుస్తుంది. చూడనిదాన్ని చూడటానికి కల్పన కావాలి. ఓబ్రయన్ పుస్తకం ఈ పట్టు మీదే నిలబడింది.

అందులో అన్నిటికంటే తరగతికి పనికొచ్చే కథ ‘స్పీకింగ్ ఆఫ్ కరేజ్’. నార్మన్ బౌకర్ యుద్ధం నుంచి అయోవాలోని సొంత ఊరికి వస్తాడు. జులై 4, దేశ స్వాతంత్ర్య దినం. తండ్రి కారులో ఊరి చెరువు చుట్టూ తిరుగుతుంటాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మళ్ళీ ఇంకో చుట్టు. వర్షంలో పెంటబురదగా మారిన పొలంలో మునిగిపోతున్న స్నేహితుడు కియోవాను పట్టుకుని లాగలేక వదిలేసిన రాత్రి అతడి లోపల తిరుగుతుంటుంది. ఎవరికైనా చెప్పాలి. పాత ప్రియురాలికి పెళ్ళయిపోయింది. తండ్రి ఇంట్లో టీవీ ముందున్నాడు, ఆయన యుద్ధం ఆయనకుంది. చివరికి కారులో కూర్చునే తినే హోటల్‌లో ఆర్డరు చెప్పే మైకులోంచి ఒక కుర్ర గొంతు ఇంకేం కావాలో చెప్పమని ఆదరంగా అడుగుతుంది. బౌకర్ ఏమీ వద్దని వెళ్ళిపోతాడు. ఊరంతటిలో వింటానన్నది ఆ డబ్బా ఒక్కటే. తర్వాతి కథలో అతడు ఉరేసుకున్నాడని, అంతకు మూడేళ్ళ ముందు తన కథ రాయమని కథకుడికి పదిహేడు పేజీల ఉత్తరం రాశాడని తెలుస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ కథ చదవగానే ఖడ్గ తిక్కన గుర్తుకు రావాలి. బడిలో చదువుకున్నదే, చాటుపద్యాలుగా నోటికొచ్చిందే. మనుమసిద్ధి సేనాని, కవి తిక్కనకు బంధువు. కాటమరాజుతో పోరులో సైన్యం దెబ్బతిని ఇంటికి వస్తాడు. భార్య నులకమంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద పెట్టి, ఆడవాళ్ళకు పెట్టినట్టు నీళ్ళు పెడుతుంది. తల్లి విరిగిన పాలు వడ్డించి, పాలూ విరిగిపోయాయని దెప్పుతుంది. అతడు తిరిగి వెళ్ళి ప్రాణం ఇస్తాడు. తరతరాలుగా దీన్ని వీరమాతల, వీరపత్నుల కథగా చెబుతున్నాం. పద్యాల సొగసుకు వంక పెట్టాల్సిన పనిలేదు. అయితే యుద్ధం నుంచి వచ్చిన మనిషిని అక్కడేం జరిగిందని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఎంతమంది పోయారు, ఎవరు కళ్ళెదుట పోయారు, వెనక్కి తగ్గమని తానే చెప్పాడా అన్నది కథలో లేదు. పాఠం చెప్పేవాళ్ళూ అడగలేదు. బౌకర్ పక్కన ఖడ్గ తిక్కనను పెట్టి చదివించే తెలుగు తరగతి ఉంటే, యుద్ధ సాహిత్యంలో శ్రోత స్థానం ఏమిటో విదేశీ సిద్ధాంతాల సాయం లేకుండానే తేలిపోతుంది. మాట్లాడేవాడి ధైర్యం గురించి చెప్పుకున్నంతగా వినేవాడి ధైర్యం గురించి చెప్పుకోం.

ఈ వినే ధైర్యం తరగతికీ కావాలి. అమెరికాలో 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేదు. ప్రస్తుతం సేవలో ఉన్నవారు జనాభాలో ఒక శాతం కూడా ఉండరు. కాబట్టి తరగతిలో పాతికమంది ఉంటే యుద్ధం చూసినవాడు ఒకడో ఇద్దరో. 2009 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విద్యా సహాయ చట్టం ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చినవారిని మళ్ళీ కళాశాలలకు తెచ్చింది. ఆ ఒక్క విద్యార్థిని అందరి ముందూ సాక్షిగా నిలబెట్టి, నవలలో ఉన్నట్టే ఉంటుందా, నువ్వు ఎవరినైనా చంపావా అని అడగడం అధ్యాపకులు చేసే పెద్ద పొరపాటు. ఆ విద్యార్థి వంటవాడుగా, మెకానిక్‌గా పనిచేసి ఉండవచ్చు. లేదా చెప్పుకోలేనిదేదో చూసి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆ ప్రశ్న అన్యాయమే. అతడు కథనాన్ని, పాత్రను, వాక్యాన్ని అందరిలాగే చర్చించే హక్కు ఉన్న విద్యార్థి. తనంత తాను చెబితే వినాలి.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీది. అక్కడ 1997 నుంచి సాహిత్యం బోధించిన ఎలిజబెత్ సామెట్ 2007లో ‘సోల్జర్స్ హార్ట్’ అనే పుస్తకంలో తన తరగతుల సంగతులు రాసింది. ఆమె విద్యార్థులు చదువు పూర్తికాగానే యుద్ధానికి వెళ్ళబోయేవాళ్ళు. వాళ్ళకు యుద్ధ సాహిత్యం గతం గురించి కాదు, వచ్చే ఏడాది గురించి. ఆజ్ఞ పాటించడం నేర్పే సంస్థలో సందేహించడం నేర్పే సాహిత్యం ఎందుకన్నది ఆ పుస్తకం పొడవునా నలిగే ప్రశ్న. సైనికాధికారికి సందిగ్ధంలో నిలబడగలిగే మనసు కావాలనేది ఆమె వైఖరి. పుస్తకాలు చదివిన సైన్యాలు తప్పుడు యుద్ధాలు చేయలేదా అని అడిగితే మాత్రం, చేశాయనే చెప్పాలి. సాహిత్యం నుంచి అంత ఆశించడం అత్యాశ.

తరగతి గది బయట కూడా ఇలాంటి పఠనం సాగింది. బోస్టన్‌లో మాజీ సైనికుల చికిత్సాలయంలో పనిచేసిన మానసిక వైద్యుడు జొనాథన్ షే, వియత్నాం నుంచి వచ్చినవారి మాటల్లో ఇలియడ్ వీరుడు అకిలీజ్ కోపాన్ని గుర్తుపట్టి 1994లో ‘అకిలీజ్ ఇన్ వియత్నాం’ రాశాడు. సొంత సేనాపతే అన్యాయం చేశాడన్న గాయం శత్రువు చేసిన గాయం కంటే లోతుగా దిగుతుందని ఆయన వాదన. బ్రయన్ డోరీస్ అనే రంగస్థల దర్శకుడు ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీజ్ నాటకాలను సైనిక శిబిరాల్లో నటీనటులతో చదివించే కార్యక్రమం మొదలుపెట్టాడు. వాటిలో ‘ఏజాక్స్’ యుద్ధవీరుడి ఆత్మహత్య కథ. చదవడం అయ్యాక శ్రోతల్లోని సైనికులు, వారి భార్యలు మాట్లాడతారు. రెండున్నర వేల ఏళ్ళ నాటి పాత్ర అడ్డుగా ఉండబట్టి సొంత బాధ చెప్పుకోవడానికి నోరు పెగులుతుంది. ఖడ్గ తిక్కన భార్యకూ తల్లికీ అలాంటి అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఇన్ని మెరుగులున్నా అమెరికా తరగతులకు ఒక గుడ్డిచోటు ఉంది. ఓబ్రయన్ కథల్లో వియత్నాం వాళ్ళు చాలావరకు శవాలు, నీడలు. వియత్నాంలో చనిపోయిన అమెరికన్లు 58 వేల పైచిలుకు. తమ వైపు మృతులు సైనికులు, పౌరులు కలిపి ముప్ఫై లక్షలకు పైనేనని వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించింది. ఆ వైపు గొంతు వినాలంటే బావో నిన్ ‘ది సారో ఆఫ్ వార్’ ఉండాలి. ఆయన ఉత్తర వియత్నాం సైనికుడు, గెలిచిన పక్షం. నవల మొదట్లో కథానాయకుడు కియెన్ యుద్ధం ముగిశాక అడవిలో తోటివారి ఎముకలు ఏరే బృందంలో ఉంటాడు. గెలిచినవాడి నవల అంతటా గెలిచామన్న సంబరం కనిపించదు. ఈ రెండు పుస్తకాలూ ఒకే సెమిస్టర్‌లో చదివిన విద్యార్థికి ఓబ్రయన్ ఊహించిన ఆ యువకుడి శవం ఇక మునుపటిలా కనిపించదు. అలాగే స్వెత్లానా అలెక్సీవిచ్. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ పక్షాన పోరాడిన మహిళలు దాదాపు పది లక్షలు. వాళ్ళలో ఎందరినో ఆమె కలిసి, వాళ్ళ మాటలనే పుస్తకంగా కూర్చితే 1985లో కోతలతో అచ్చయింది. ఇంట్లో భర్త పక్కన కూర్చుంటే యుద్ధం గురించి ఒకలా, ఒంటరిగా వంటింట్లో ఇంకోలా చెప్పిన స్త్రీలున్నారని ఆమె గమనించింది.

ఈ పుస్తకాల మీద ఏలికలకూ, ఊరి పెద్దలకూ అనుమానం ఎప్పుడూ ఉంది. రెమార్క్ నవల సినిమాను 1930 డిసెంబరులో బెర్లిన్‌లో ఆడిస్తుంటే నాజీ నేత గోబెల్స్ మనుషులు హాల్లో తెల్ల ఎలుకలను వదిలారు. 1933లో పుస్తకాన్నే తగలబెట్టారు. 1973లో అమెరికాలోని నార్త్ డకోటాలో డ్రేక్ అనే చిన్న ఊరి బడిలో వానెగట్ ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ ప్రతులు 32 కొలిమిలో వేశారు. వానెగట్ డ్రెస్డెన్ బాంబుదాడిలో యుద్ధఖైదీగా నేలమాళిగలో బతికి బయటపడ్డ మనిషి. బూతులున్నాయన్నది ఆరోపణ. బూతులున్న మాట నిజమే.

మన దేశం సంగతికి వస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారత సైనికులు, కూలీలు సముద్రాలు దాటారు. 74 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామందికి చదువు లేదు. ఇంటికి ఉత్తరం రాయాలంటే పటాలంలో అక్షరం వచ్చినవాడిని పట్టుకోవాలి. ఫ్రాన్స్‌లోని బులోన్‌లో కూర్చున్న సెన్సారు అధికారులు ఆ ఉత్తరాలను చదివి, ముఖ్యమనిపించిన భాగాలను ఇంగ్లిష్‌లోకి మార్చి వారంవారం నివేదికలు పంపారు. మూల ఉత్తరాలు చాలావరకు పోయాయి. బ్రిటిష్ లైబ్రరీలో మిగిలింది ఆ ఇంగ్లిష్ సారమే. అందువల్ల సిపాయి గొంతు అని తరగతిలో చదివేది రాయసగాడి చేతిని, సెన్సారు కత్తెరను, అనువాదకుడి భాషను దాటుకుని వచ్చింది. పైగా సెన్సారు ఉందని సిపాయికీ తెలుసు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయని, ఎర్ర మిరపకాయలు వాడుతున్నారని ఇంటికి రాశారు. నల్లవి తామని, ఎర్రవి తెల్ల సైనికులని ఊళ్ళోవాళ్ళకు అర్థమయ్యేది, కొన్నాళ్ళకు సెన్సారుకూ అర్థమైంది. అక్షరం రానివాళ్ళు కూడా ధ్వని తెలిసిన రచయితలేనని ఈ ఉత్తరాలు చూపిస్తాయి.

ఇంతకంటే విచిత్రమైనది ఒక గొంతు. బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్‌లోని యుద్ధఖైదీల శిబిరంలో జర్మన్ పండితులు భాషా పరిశోధన కోసం ఖైదీల మాటలను రికార్డు చేశారు. 1916 డిసెంబరులో పంజాబ్‌కు చెందిన మాల్ సింగ్ ఆ యంత్రం ముందు నిలబడ్డాడు. తన సంగతి తాను చెప్పుకోలేదు. అనగనగా ఒక మనిషి ఉండేవాడని మొదలుపెట్టి, అతడు దేశంలో వెన్న తిన్నాడని, యుద్ధంలోకి వచ్చాడని, జర్మనీ పట్టుకుందని, ఇంటికి పోవాలని కోరుకుంటున్నాడని కథ చెప్పాడు. ఏడు సముద్రాల అవతల బందీ అయిన సిపాయి తనను తాను పాత్రగా మార్చుకున్నాడు. ఓబ్రయన్ పుస్తకానికి అది డెబ్భై ఏళ్ళకు పైగా ముందటి మాట. సైనికుడి అనుభవం వేరు, కల్పన వేరని తరగతిలో గీత గీసేవారు ఈ రికార్డును వినిపించి చూడాలి.

భారతీయ కథకులూ వెనకబడలేదు. చంద్రధర్ శర్మ గులేరీ హిందీలో ‘ఉస్‌నే కహా థా’ రాసింది 1915లో, యుద్ధం జరుగుతుండగానే. ఆయన యుద్ధరంగం చూడలేదు. ఫ్రాన్స్ కందకంలో లహనా సింగ్ ఒక పాత మాట కోసం ప్రాణమిస్తాడు. అతడి మరణ కలవరింతల తర్వాత కథ చివరన మిగిలేది వార్తాపత్రికలో మృతుల జాబితాలో వచ్చే ఒక్క పంక్తి. పాఠకుడికి తెలిసిన లహనా సింగ్‌కూ, పత్రికకు తెలిసిన లహనా సింగ్‌కూ మధ్య దూరమే కథంతా. ముల్క్ రాజ్ ఆనంద్ 1940లో ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’లో మార్సెయ్ రేవులో దిగిన లాలూ అనే పంజాబీ సిపాయి వెంట ఫ్రాన్స్ అంతా నడిచాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేవారికి ఓవెన్ తెలిసినంతగా లాలూ తెలియడు. అదే యుద్ధం, అదే ఫ్రాన్స్, అదే బురద. సిలబస్ కమిటీలు దీనికి ఏ సంజాయిషీ ఇచ్చినా చెల్లదు.

తెలుగు సంగతి ఇంకా వెనకబాటు. తెలంగాణ సాయుధ పోరాటం మీద దాశరథి రంగాచార్య ‘మోదుగుపూలు’ వంటి నవలలు వచ్చాయి, తరగతుల్లో చదివారు. ప్రజాపోరాటంలో తుపాకీ పట్టినవాడు తెలుగు సాహిత్యంలో ఉన్నాడు. పటాలంలో జీతానికి తుపాకీ పట్టినవాడి జాడ పలచన. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ, తర్వాతి యుద్ధాలకూ ఆ ఊరు మనుషులను పంపింది. ఇలా పోయి వచ్చినవాళ్ళు కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే ఏడాది రంగూన్ నుంచి తెలుగు కూలీలు కుటుంబాలతో అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో ఎందరో పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగు సైనికుణ్ణి కథానాయకుణ్ణి చేసి జనం ముందుకు తెచ్చింది 2015 నాటి సినిమా ‘కంచె’. ఇటలీలోని యుద్ధాన్నీ, ఊళ్ళోని కులం గోడనూ ఒకే కథలో పెట్టడం ఆ సినిమా చేసిన మంచి పని. తరగతిలో దాన్ని కూడా పాఠంగా తీసుకోవచ్చు.

సైనికులు రాయకపోవడానికి చట్టం కూడా ఒక అడ్డు. 1954 సైనిక నియమావళిలోని 21వ నియమం ప్రకారం, సేవలో ఉన్నవారు సైనిక విషయాల మీద ముందస్తు అనుమతి లేకుండా ఏదీ అచ్చు వేయకూడదు. దేశ రక్షణ దృష్ట్యా దీనికి కారణముంది. ఫలితం మాత్రం, రాసేవారు ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసిన పెద్ద అధికారులు, రాసేది ఇంగ్లిష్‌లో. నాయక్‌లు, హవల్దార్లు, సుబేదార్లు ఊరికి వచ్చి పింఛను తీసుకుంటూ, బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోతారు. టీకొట్టు దగ్గర చెప్పే కథల్లో మంచుకొండలూ, రైలు ప్రయాణాలూ, క్యాంటీన్ సరుకులూ ఉంటాయి. మిగతాది ఎవరూ అడగరు.

అడిగే పని తెలుగు శాఖలు చేపట్టవచ్చు. డిగ్రీలో ప్రాజెక్టు పనికి ఇప్పటికే సమయం కేటాయిస్తున్నారు. ఒక్కో విద్యార్థి తన మండలంలో ఒక మాజీ సైనికుణ్ణో, సైనికుడి భార్యనో కలిసి, వారి ఇష్టం మేరకు, వారి మాటల్లోనే రాసుకొస్తే పదేళ్ళలో ఏ విశ్వవిద్యాలయానికైనా విలువైన భాండారం తయారవుతుంది. చెప్పకూడదనుకున్నది చెప్పించకూడదు, పేరు వద్దంటే తీసేయాలి, వీరగాథగా దిద్దే పని పెట్టుకోకూడదు. ఆ రాతలను గులేరీ కథ పక్కన, ఖడ్గ తిక్కన పద్యాల పక్కన పెట్టి చదివించాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారు దాదాపుగా వెళ్ళిపోయారు. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ళున్న జవానుకు ఇప్పుడు డెబ్భై దాటాయి. వాళ్ళ దగ్గరికి వచ్చే విద్యా సంవత్సరంలోనే వెళ్ళాలి.